రెండున్నర బండి

ఏడున్నరకే కన్ను మూస్తాడు మునిరత్నం.
వీధిలో పిల్లకాయలు ఇంకా ఆడతానే ఉంటారు,
పొయ్యి మీద పాలు ఇంకా పొంగవు.
రాత్రి రెండున్నరకల్లా
ఆ నిద్రలోనే డ్యూటీ ఎక్కుతాడు.

ముందు కుడికాలు కదులుతుంది.
తర్వాత రెండు చేతులూ గాలిలో లేచి
లేని స్టీరింగుని పట్టుకుంటాయి.
కొర్లగుంటలో, రేకుల కప్పు కింద,
మా ఇనప మంచం
కొండ ఎక్కుతుంది.

నేను గోడ వైపు జరిగి మలుపులు లెక్కపెడతా.
మూడో మలుపుకి భుజం వంచుతాడు.
ఆ పైన యాడ్నో జింక అడ్డమొస్తుంది,
లేకుంటే రాయి జారుతుంది.
"పట్టుకోండయ్యో!" అని ఒక్క కేక.
బ్రేకు మీద కాలు.
ఆ బ్రేకు నా మోకాలు.

కమిలిన చోటు చూసి పక్కింటి గుణసుందరి
కొళాయి కాడ గొంతు తగ్గించి అడిగింది,
"ఈ వయసులో కొడతా ఉండాడా అక్కా?"
నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలా.
నలభై రెండేండ్లలో
ఒక్కనాడు కసురుకున్న మనిషి కాదు.
ఎట్లా చెప్పేది,
యాభైమందిని కాపాడబోయి తన్నినాడని?

ఆస్పత్రిలో చిన్న డాక్టరమ్మ చెప్పింది:
"కలలో ఒళ్ళు కదలకుండా
లోపలొక బ్రేకు ఉంటుంది తాతా. నీకది అరిగింది."
ఈయప్పకి రోషమొచ్చింది.
"ముప్పై ఒక్క ఏండ్లమ్మా!
నా చేతిలో ఏ బండికీ బ్రేకు పోలా."
ఆ పిల్ల నవ్వి, చేతులు చాపమనింది.
వేళ్ళని చూసింది. అటూ ఇటూ నడవమనింది.
"వాసనలు బాగా తెలస్తా ఉండాయా?"
"ఎందుకు తెలీవు?" అన్నాడు.
నేనేం మాట్లాడలా.
పోయిన నెల తిరగమాత మాడి ఇల్లంతా పొగైతే
పేపరు మడవకుండా కూర్చోనుండిన మనిషి.

రాత్రికొక మాత్ర రాసిచ్చింది.
మంచం బయటికి నెట్టి పరుపు నేలకి దించినాం.
గోడకి దిండ్లు. చెంబు, గడియారం వంటింట్లోకి.
ఖాకీ చొక్కా మాత్రం కొక్కానికే ఉండాది.
కేకలు తగ్గినాయి.
స్టీరింగు పోలా.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన బండి నేనెక్కలా.
"నువ్వుంటే నాకు రోడ్డు మీద చూపు నిలవదు" అనేవాడు.
ఇప్పుడు రెండున్నర బండికి
రోజూ నేనొక్కదాన్నే.
మరీ భయమేస్తే చెవి కాడ వంగి
కండక్టరు మాదిరి "హోల్డాన్, హోల్డాన్" అంటా.
ఒక్కోసారి వింటాడు.
చేతులు మెల్లగా దిగి దుప్పటి మీద ఆగుతాయి.
కుడి బొటనవేలు మాత్రం
ఇంజను ఆపినాక కూడా
కొంచెంసేపు అదురుతానే ఉంటుంది.
దాన్ని నా పిడికిట్లో పెట్టుకుంటా.

మూడున్నరకి తానే లేచి,
చీకట్లో కూర్చోనుండే నన్ను చూసి,
"నీకు నిద్రే పట్టడంలేదు చెంగమ్మా,
ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదా" అంటాడు.