జూన్ ముప్పయ్యొకటి

ఏటా అక్టోబరులో మా మూడో అంతస్తుకి
నాలుగు వందల దరఖాస్తులొస్తాయి.
అందరికీ చిన్నప్పట్నుంచీ న్యాయమంటే ప్రాణం.
అందరూ ఏదో ఒక జట్టుకి నాయకులు.
ఒకబ్బాయి మా సంస్థంటే ఎంత ఇష్టమో రెండు పేజీలు రాసి
చివర్లో ఎదురువీధి కంపెనీ పేరు పెట్టాడు.
వాణ్ణి పిలుద్దామన్నాను, ఒక్కచోటైనా నిజం రాశాడని.
లీస్క్ నవ్వలేదు.

లీస్క్ దగ్గర ఒక పట్టిక ఉంది:
చొరవకి పది, మాటతీరుకి పది,
వ్యాపార జ్ఞానానికి పదిహేను.
ఇరవయ్యారేళ్లుగా ఆ గళ్లు నింపుతున్నాను.
ఇంతకీ ఏం వెతుకుతున్నారని ఎవరైనా అడిగితే
ఇప్పటికీ నీళ్లు నములుతాను.

ఈసారి ఆరుగురు మిగిలారు.
అబర్డీన్ రాతిగోడల్ని వాన ఇంకాస్త బూడిద చేస్తోంది.
కిటికీ అంచున ఒక సీగల్
ఎవరి శాండ్‌విచ్ మీదో కన్నేసి కూచుంది.
పేర్లు మార్చి, ఒక పాత గోదాము లీజు చేతికిచ్చాం.
గంట టైము. ఇందులో ప్రమాదాలేవో చెప్పండి.

ఐదుగురు దంచేశారు.
పూచీ, మరమ్మతులు, నష్టపరిహారం...
ఒక్క వాక్యానికీ ఇస్త్రీ మడత నలగలేదు.

ఆరో మనిషి కిర్‌స్టీన్ బకన్.
పీటర్‌హెడ్ చేపల షెడ్డులో మూడేళ్లు
షిఫ్టుల చార్టు వేసిన పిల్ల.
బూట్లు అక్కవి కాబోలు, నడిస్తే మడమ దగ్గర లేస్తున్నాయి.
సగం పేజీయే రాసింది. చెయ్యెత్తి అడిగింది:
"అద్దె పెంచే నోటీసుకి గడువు
జూన్ ముప్పయ్యొకటి అని ఉంది.
జూన్‌కి ముప్పయ్యే కదండీ?
ఆ లేని రోజుకి ఒకసారి
నేనే పదకొండు మందికి డ్యూటీ వేశాను.
జులై ఒకటిన చేపలొచ్చాయి, మనుషులు రాలేదు.
అప్పట్నుంచీ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటాను."

అన్నంలో ఆ రాయి మేం వేసింది కాదు.
పరీక్ష కోసం పెట్టిన తప్పులు వేరే నాలుగున్నాయి.
ఇది అసలు పత్రంలోదే,
తొమ్మిదేళ్లుగా, రెండు సంతకాల పైన.
ఒకటి లీస్క్‌ది.
ఒకటి నాది.
గుమ్మడికాయల దొంగని ఎవరూ అనకముందే
ఇద్దరం భుజాలు తడుముకున్నాం.

"బాగా పట్టావు" అన్నాడు లీస్క్,
తనే దాచి పెట్టినవాడిలా.
నేను నోరు మెదపలేదు.
దానికీ ఎక్కడో మార్కులు తగ్గించాలి.

సాయంత్రం మొత్తాలు కూడాం.
బకన్‌కి వ్యాపార జ్ఞానంలో ఆరు, మాటతీరులో ఐదు.
లేని రోజుని చూసినందుకు పట్టికలో గడి లేదు.
"ఇక్కడ ఇమడగలదంటావా?"
లీస్క్ కళ్లద్దాలు తుడుస్తున్నాడు,
తుడిచినవే మళ్లీ తుడుస్తున్నాడు.

ఇమడటం.
ఎన్ని అక్టోబర్లు ఆ మాటకి తలూపానో.

కింద బస్‌స్టాపులో ఆమె,
ఒక బూటు విప్పి మడమ చూసుకుంటోంది.
గోదాము యజమానికి నేను ఉత్తరం మొదలుపెట్టాను:
"అయ్యా, మా వల్ల ఒక పొరపాటు"
అక్కడ ఆగింది.
ఎటునుంచి పట్టుకున్నా మాట
మా మీద పడకుండా పక్కకి జారుతోంది.
ఆమె అయితే
సగం పేజీలో ముగించేది.