ఐదు గ్రాములు

మురుగేష్‌పాళ్యలో ఈ గదికి వచ్చిన రోజు
గోడ అలమరలో, పాత పేపరు కింద
ఒక అట్టపెట్టె.
మూత మీద వంపు తిరుగుతున్న శిక్షణ విమానం,
మూలన పెన్సిల్‌తో: కె. ఇళవళగన్.

"ముందున్న తమిళ పిల్లాడిది. పారెయ్యమ్మా," అంది గౌరమ్మగారు
అద్దె రసీదు చింపుతూ.
పారేద్దామనే మూత తీశాను.

లోపల మడతల కాగితం, బొమ్మలు, అంకెలు.
ఆరు దాకా ఎర్ర టిక్కులు.
ఏడు మీద టీ గ్లాసు అడుగు వేసిన గుండ్రం.
అక్కడితో సరి.

నా పని పళ్ళు.
దొమ్మలూరు ల్యాబులో పరాయి నోళ్ళకి పింగాణీ తొడుగులు చేస్తాను.
తెలుపులో పదహారు తెలుపులు పేరుపేరునా తెలుసు.
అయితే ఏం?
మొదటి రాత్రే రెక్కని దాని కాడ నుంచి
చిక్కుడుకాయలా తుంచాను,
అంచున తెల్లగా గాయమైంది.
కత్తిరించాలట. అదీ కాస్త ఎడంగా.
మిగిలిన బుడిపెను గరుకు కాగితంతో
నిదానంగా, నీళ్ళు అద్దుకుంటూ.

తర్వాత అతను చేసినవి చూశాను.
సీటు. సీటుకి బెల్టు.
బెల్టుకి ఆవగింజలో సగం వెండి బకిల్.
కాగితం పైలట్ మొహానికి గులాబీ రంగు వెయ్యమంటుంది;
ఇతను చామనఛాయ కలిపాడు.
ఎడమ మణికట్టుకి వాచీ పెట్టాడు.
రెండు సగాలూ అతికాక
ఆ వాచీ ఏ కంటికీ ఆనదు.
తెలిసే పెట్టాడా?
తొడుగు లోపలి గోడని నేనూ నున్నగానే చేస్తాను,
సూపర్‌వైజర్ నరసేగౌడ తిడతాడని.
ఇతన్ని ఎవరు తిడతారు?

ఏడో అంకె దగ్గర చిన్న తూకం బొమ్మ:
ముక్కులో ఐదు గ్రాములు పెట్టు,
లేకపోతే తోక మీద చతికిలబడుతుంది.
పెట్టెలో ఆ బరువు లేదు. వాళ్ళు ఇవ్వరు, మనమే వెతుక్కోవాలి.
దీనికోసమే ఆగాడేమో.
ఉద్యోగం మారిందేమో, జ్వరమొచ్చిందేమో,
విసుగేమో.

ల్యాబు చెత్త డబ్బాలో
కొలత తప్పి తిరిగొచ్చిన లోహపు తొడుగులు ఉంటాయి.
మూడు తెచ్చాను. ఒకటి హొసకోటె రైతుది, దవడ పన్ను,
పంటికింద రాయిలా ఉందని వెనక్కి పంపాడు.
ముక్కులోకి దోపి, జిగురు వేసి, మూసేశాను.
చుట్టూ రబ్బరు బ్యాండ్లు.
పంటినొప్పికి తలగుడ్డ కట్టుకున్న ముసలాయనలా
రాత్రంతా బల్ల మీద.
తెల్లారి హెచ్‌ఏఎల్ నుంచి అసలుది ఒకటి లేచి
కిటికీ అద్దాల్ని గడగడలాడించి పోయింది.
ఇది ఉలకలేదు.

రంగు దగ్గర మళ్ళీ తప్పాను.
ఆత్రంకొద్దీ చిక్కగా పూస్తే రెక్కల మీది సన్నగీతలన్నీ పూడిపోయాయి.
కడిగాను. పలచగా ఒక పొర, ఆరాక ఇంకోటి.
పింగాణీకి నేను రోజూ చేసేదే,
ఇంటికొచ్చేసరికి చెయ్యి మరిచిపోయింది.
గాజుమూతకి జిగురు తగిలి ఒక మూల మసకేసింది. అది పోదు.
సాసరు నీళ్ళలో నానేసిన అంకెలు
వేలికి అంటుకుని, వేలి మీదే ఒకటి చిరిగింది.
ఎడమ రెక్క కింద, జిగురులో,
అతని బొటనవేలి ముద్ర.
గరుకు కాగితం అక్కడిదాకా వెళ్ళి ఆగింది.
దాని మీదే రంగు వేశాను. వంచి చూస్తే
ఇప్పటికీ సుడి తెలుస్తుంది.

ఆదివారం మూడు చక్రాల మీద నిలబడింది.
కొంచెం కుడికి ఒరిగి.
గౌరమ్మగారు వచ్చి చూసి,
"ఎగురుతుందా?" అంది.
లేదంటే, "మరి?" అని
కాఫీ గ్లాసు దాని పక్కనే పెట్టి పోయింది.

ఏడు నుంచి చివరిదాకా నీలం టిక్కులు పెట్టాను.
అంతా అయ్యాక కాడకి ఒక ముక్క మిగిలింది.
ఇరవై మూడు. గోరంత.
కాగితం రెండు వైపులా వెతికాను, ఎక్కడా ఆ అంకె లేదు.
అగ్గిపెట్టెలో పెట్టి ఉంచాను.
అతని ఆరు మెట్లలోదో, నా వాటిలోదో.