చుక్కతో మొదలయ్యే పేరు

క్లాక్స్‌విక్ రేవులో వాన అడ్డంగా కురుస్తుంది.
గొడుగులు అమ్మి ఈ దీవుల్లో ఎవడూ బాగుపడలేదు.
ఉన్ని సంఘం ఆఫీసులో సున్వోర్
నేను కోటు విప్పకముందే స్క్రీను నా వైపు తిప్పింది.
"దయ్యం పట్టింది దీనికి. చూడు."

దయ్యం పొడుగ్గా ఉంది.
ముందొక చుక్క, ఆపైన ఫ్యూజ్, ఆపైన హిడెన్,
వెనక సున్నాల బారు.
చుక్కతో మొదలయ్యే పేర్లు లినక్సులో
ఘోషా పాటిస్తాయి, పనిగట్టుకుని అడిగితే తప్ప బయటికి రావు.
సున్వోర్ అడిగింది.
పద్దులు రాసేవాళ్ళు అన్నీ అడుగుతారు.

"తీసేశాను, మళ్ళీ వచ్చింది.
చివర ఒకటి ఉండేది, రెండైంది.
తీస్తే మూడు. తీస్తే నాలుగు.
తొమ్మిది తర్వాత పది రావాలా?
ఏ అనే అక్షరం వచ్చింది! తర్వాత బి, ఇప్పుడు సి.
పది లేని లెక్క దయ్యాలది కాక ఎవరిది?"
నిజంగానే రాసి పెట్టింది,
బేళ్ళ బరువుల పక్కన, పెన్సిలుతో.

వైరస్ అన్నారు కిటికీ దగ్గర అల్లుతున్న ఇద్దరు.
విండోసులో పుట్టిన డిస్కు కదా,
పుట్టింటి మీద బెంగ అన్నాడు యోగ్వాన్.

సంగతి చిన్నది.
మీరొక ఫైలు చెరిపేస్తారు.
అప్పటికే దాన్ని ఇంకెవరో చదువుతుంటారు.
చదివేవాడి చేతిలోంచి లాక్కోలేక
దానికి మారుపేరు పెట్టి
దాచిపెడుతుంది సిస్టం, వాడు చదివి వదిలేదాకా.
మా దీవిలో మర్యాద ఇంత దూరం పోదు.

కాబట్టి అది ఏమిటని కాదు,
ఎవరు పట్టుకున్నారని అడగాలి.
నాలుగక్షరాల ఆజ్ఞ కొట్టాను.
పాటలు వినిపించే ప్రోగ్రాము.
పంతొమ్మిది రోజులుగా, ఉడుంపట్టు.

"నేను పాటలు వినను," అంది సున్వోర్.
చెవులు ఎర్రబడ్డాయి.

తెరకి నాలుగు గదులుంటాయి. నాలుగోదానికి ఎవరూ పోరు.
పోయాను.
మూలన చిన్న కిటికీ,
మూడు నిమిషాల పన్నెండో సెకను దగ్గర
ఆపేసిన గొంతులు.
చర్చి గాయకబృందం, నవంబరు సాధన.
ఆ సెకనులో హెరాల్వర్ తుమ్మాడు.
బృందమంతా నవ్వి ఆగిపోయింది.
కళ్ళు మూసుకుని పాడుతున్న సున్వోర్ ఒక్కతే
సగం చరణం దాకా పోయింది, ఎవరూ లేరని తెలియక.
ఆ రాత్రే చెరిపేసింది.
హెరాల్వర్‌తో మాటలూ అప్పటినుంచే లేవు.

"ఇది మూసేస్తే అదీ పోతుంది," అన్నాను. "పూర్తిగా."
"ఇవాళ వద్దులే," అంది.
"అన్నం పెట్టమంటోందా, నీళ్ళు పొయ్యమంటోందా."

రెండింటికి గాలి లేచింది. కరెంటు పోయింది.
ప్రోగ్రాము చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది.

పొద్దున్న మెషీను లేపి చూస్తే
చుక్క, ఫ్యూజ్, హిడెన్, సున్నాలు, సి.
దాచినవాడికి దాచిన సంగతి గుర్తు లేదు.
అదే ఆజ్ఞ మళ్ళీ కొట్టాను,
బదులు రాలేదు, ఖాళీ వరస.
ఇక దాన్ని ఎవరూ పట్టుకుని లేరు.
ఈసారి ఒక్క వేటుకి పోతుంది, తిరిగి మొలవదు.

తీసేసే ఆజ్ఞ రాసి
ఎంటరు నొక్కకుండా కుర్చీ జరిపాను.
సున్వోర్ కళ్ళజోడు పెట్టుకుని
ఒక్కో సున్నానీ పెన్సిలుతో సరిచూసింది.

"ముందున్న చుక్క తీసేస్తే?"
"అందరికీ కనిపిస్తుంది."
"అంతేనా?"
"అంతే."

కింద, బేళ్ళు దించే తలుపు దగ్గర,
ఎవరో బూట్లు దులుపుకుని
గట్టిగా తుమ్మారు.

ఆమె కీబోర్డు తన వైపు లాక్కుంది.