సముద్రం వెనక

తాడిపత్రిలో సముద్రం ఎనిమిది మూరల వెడల్పు.
రెండు వెదురుబొంగుల నడుమ దుప్పటి గుడ్డ,
దాని మీద నీలిమందు, సున్నం, తుమ్మబంక.
గాలికి బొంగు ఒరగకుండా
వెనక కూచుని పట్టుకోవడం నా పని.
నెలకు అర్ధరూపాయి.

దూదేకుల కుళ్ళాయప్ప గీసినాడు దాన్ని,
ఫిజీ నుంచి తిరిగొచ్చిన యేడు.
అయిదేండ్ల గిర్మిట్టులో మూడేండ్లు చెరకు కొట్టి
రెండేండ్లు ఒక ఫోటోల దొరకు పెట్టె మోసినాడంట.
గాజు పలకలు, మూడుకాళ్ళ కట్టె, నల్లగుడ్డ,
గుట్ట పైకి, గుట్ట కిందికి.

దొర కొబ్బరిచెట్లను తీసేవాడు,
చెవిలో పువ్వు పెట్టుకున్న ఆడవాళ్ళను,
గదలు పట్టిన ముసలి దొరతనాలను,
అల విరిగే తెల్లగట్టును.
చెరకు కోసేటోళ్ళు అడ్డమొస్తే మాత్రం
పక్కకు జరగమని చెయ్యి ఊపేవాడు.
"మేం జరిగితేనే రా, అది దీవి మాదిరి ఉండేది"
అని నవ్వేవాడు కుళ్ళాయప్ప,
హైపో వాసన చేతుల్తో బీడీ ముట్టించుకుంటా.

మా ఊళ్ళో ఎవరూ జరగాల్సిన పని లేకపోయె.
బండల గని మేస్త్రీలు, నూనె శెట్లు,
పెన్న ఇసకలో చెలమ తోడుకునే జనం
ఆ నీళ్ళ ముందర నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్ళు.
సజ్జలదిన్నె రైతొకాయన
ఎద్దుల జతను తోలుకొచ్చినాడు ఫోటోకు.
వలపటెద్దు అలను నాకింది.
నాకిన చోట గుడ్డ పలచబడి, పలచబడి
రూపాయంత బొక్క పడింది.
అప్పటి నుంచి నా కన్ను అక్కడే.

చుక్కలూరి సుంకులమ్మ వచ్చింది ఒకనాడు,
కరువు ముదిరిన ఎండాకాలం,
కొంగులో పడి కొర్రలు.
ఆమె మొగుడు ఓబన్న
కుళ్ళాయప్ప ఎక్కిన ఓడే ఎక్కినాడు.
కుళ్ళాయప్ప దిగినాడు.

కుర్చీ వేస్తే కూచోలేదు.
పూలకుండీ పెడితే కాలితో అవతలికి నెట్టింది.
"యా చెట్టు కింద పెట్టినారన్నా?"

నల్లగుడ్డలోంచి తల బయటికి రాలేదు చానాసేపు.
వచ్చినాక, నడుచుకుంటా వచ్చి
కుడిపక్క మూడో కొబ్బరిచెట్టు మొదట్లో
వేలు ఆనించినాడు.

ఆ చెట్టు పోయిన ఉగాదికి గీసింది,
ఎలుక కొట్టిన చోట మాసిక కనపడకుండా.
రంగు కలిపింది నేనే.

"ఇట్ల తియ్యి" అని
పెట్టెకు వీపు తిప్పి నిలబడింది.
"మొగం పడదు సుంకులమ్మా."
"నీ పెట్టెకెందుకు నా మొగం?
చూడాల్సినోడు ఆడుండాడు గదా."

మూత తీసి ఏడు లెక్కపెట్టాల.
ఒకటి.
రెండు.
బొక్కకు ఇవతల నా కన్ను,
అవతల జానెడు దూరాన ఆమె.
రెప్ప వేయలేదు. నేనూ వేయలేదు.
నాలుగో లెక్కకు పెదవులు కదిలినాయి.
బిడ్డ సంగతి చెప్పిందో,
కోమటి బాకీ చెప్పిందో,
ఇన్నేండ్లు దాచిపెట్టిన తిట్టే తిట్టిందో.
నాకు పదేండ్లు.
నన్నే తిడుతుందనుకుని బొంగు గట్టిగా పట్టుకున్నా.
ఏడు.

పలక మీద ఒక వీపు పడింది,
జారిన ముడి, రవిక చినుగుకు పిన్నీసు.
ప్రతి తీసిస్తానంటే వద్దనింది.
"కాగితం నాకెందుకన్నా, చెప్పాల్సింది చెప్పినా"
అని కొర్రలు అరుగు మీద పోసి పోయింది.
కుళ్ళాయప్ప వాటిని ముట్టలేదు.
నా చేత ఇంటికి పంపినాడు.
మా అమ్మ వండింది. తిన్నాం,
కడుపు నిండా తిన్నాం, అబద్ధమెందుకు.

మర్నాడు సముద్రానికి మాసిక వేయమన్నాడు.
నీలం కలవలేదు, ఎంత కలిపినా కలవలేదు.
కుడుతూ కూచున్నా మధ్యాన్నం దాకా.
ఆ బొక్క అంచున
సూది అవతలికి దూర్చే ముందు మాత్రం
ఎవరన్నా నిలబడి ఉండారేమోనని
ఒకసారి చూసుకున్నా.