మూడో పిలుపు

నా ఉద్యోగం గొంతు.
సోంపేట మునసబు కోర్టు వరండాలో
ఎర్ర డవాలీ భుజానేసుకుని
ఒక్కో పేరునీ మూడుసార్లు కేకేసేవాణ్ణి.
మూడోసారికీ పలక్కపోతే
ఆ మనిషి లేనట్టే లెక్క.

మగాళ్ళకి పేరు, తండ్రి పేరు, ఊరు.
ఆడాళ్ళకి
"మడ్డు లోకనాథం పెళ్ళాం! మడ్డు లోకనాథం పెళ్ళాం!"
కాయితంలో పేరున్నా కేకలో ఉండేది కాదు.
అలా పిలవమని ఎక్కడా రాసి లేదు.
నాకు ముందు మా నాన్న, ఆ వరండాలోనే,
అలాగే అరిచేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు
పొన్నాడ హైమవతి గారు వచ్చారు
కంచిలి స్టేషన్ నుంచి జట్కాలో,
ట్రంకుపెట్టె మీద గొడుగు.
మా కోర్టు గోడల మీద అంతవరకూ
ఆడమనిషంటే క్యాలెండరు లక్ష్మే.
వకీళ్ళు "అయ్యా" అనబోయి
"అమ్మా" అనలేక
దగ్గి ఊరుకున్నారు.

వారం రోజులు చూశాను.
బల్ల మీద పెట్టిన మంచినీళ్ళ గ్లాసు
మూత కదలకుండా సాయంత్రం నాకే తిరిగొచ్చేది.
మా నీళ్ళు ఉప్పన, పడలేదేమో అనుకున్నా.
గంజి వారుస్తూ మా ఆవిడ నవ్వింది:
"తాగితే ఆయమ్మ ఎక్కడికెల్తాది?
మీ కోర్టుల ఆడోల్లకి దొడ్డుందేటి?"

తొమ్మిదేళ్ళుగా వాయిదాలకొచ్చిన ఆడాళ్ళంతా
పొద్దుట్నుంచి గొంతు తడుపుకోకుండా కూర్చున్నారని
అప్పుడు తెలిసింది,
గొంతు అమ్ముకుని బతికే నాకు.

జిల్లాకి పదకొండు ఉత్తరాలు రాశారు.
పన్నెండోది రాయలేదు,
జీతంలోంచి ఇటుకలు తెప్పించారు.
వెనక సరుగుడు చెట్ల పక్కన
రేకుల గది, గడియ, తాళం.
తాళంచెవి నా మొలతాడుకి.
ఆ సాయంత్రం గ్లాసు ఖాళీగా వచ్చింది.

కాశీబుగ్గ జీడి బట్టీ మీద కూలి బాకీ దావా.
మామూలుగానే అందుకున్నాను:
"మడ్డు లోకనాథం పెళ్ళాం!"
లోపల పెన్ను బల్లకేసి కొట్టిన చప్పుడు.
"అప్పన్నా, దావా లోకనాథం వేశాడా?"
"లేదమ్మా."
"మరి ఎవరిని పిలుస్తున్నావు?"

కాయితం చూశాను. చూడ్డం కాదు, చదివాను.
"మడ్డు దాలమ్మా!"
ఎవరూ కదల్లేదు.
రెండోసారీ అంతే.
మూడోసారికి లేచింది.
తన పేరు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదట,
ఇంకెవరో అనుకుందట.

వేలిముద్ర పడలేదు.
జీడిరసం గీతలన్నీ తినేసింది.
కాయితం మీద నున్నటి నల్లమచ్చ,
ఏ మనిషిదీ కాకుండా.
ముద్ర లేని వాంగ్మూలం చెల్లదన్నాడు అవతలి వకీలు.
అమ్మగారు ఆ కాయితాన్ని
కిటికీ వెలుగులో పట్టుకున్నారు చాలాసేపు.
"గీతలు చెరిగింది మీ క్లయింటు బట్టీలోనే కదండీ.
ఇంతకన్నా ముద్ర ఏం కావాలి?"

మూడేళ్ళకి బదిలీ.
పైకి వెళ్ళారో, పక్కకి నెట్టారో
బంట్రోతుకి ఎవరు చెబుతారు?
హాల్లో ఫొటో లేదు.
ఆ గది గోడకి మాత్రం, తర్వాతొచ్చిన అయ్యగారు
సున్నం వేయించి తన పేరు రాయించుకున్నారు.

మొన్న పేపరు లోపలి పేజీలో నాలుగు వరుసలు.
పనేం లేకపోయినా కోర్టుకెళ్ళాను.
ఇప్పుడు పేర్లు మైకు పిలుస్తుంది.
భోజనాల వేళ, వరండాలో నిలబడి
ఎందుకో గొంతు సవరించుకున్నాను.
తండ్రి పేరు లేదు, ఊరు లేదు,
"హైమవతీ!"
చెట్టు మీద కాకి లేచింది.
"హైమవతీ!"
మూడోసారికి గొంతు చీలింది.

బెంచీ చివర్నుంచి ఒక పిల్ల లేచి వచ్చింది,
చంకలో గుంటడు.
"నన్నేనా తాతా?
మాయమ్మమ్మ ఎట్టింది ఈ పేరు, ఎవుల్దో."
మనోవర్తి కేసు. ఆరో వాయిదా.
చేతిలో నీళ్ళ సీసా, మూత తీయలేదు.
గొంతు తగ్గించి అడిగింది:
"ఎనకాతల గదికి తాలమేసీసినారు.
సెవి ఎవుల కాడుంటాది?"

మొలతాడు తడుముకున్నాను.
ఎప్పుడో అప్పజెప్పేశాను.

సరుగుడు చెట్ల కింద
చేతికి సరిపడా రాయి కోసం
వెతుకుతున్నాను.