వర్గమూలం కింద మంచం

ఫర్వానియాలో మూడో అంతస్తు.
గదికి నలుగురం, రెండు ఇనప మంచాలు
ఒకదాని మీద ఒకటి.
నాది కింది పడక.
పై పడక చెక్కల అడుగున
టేపుతో అంటించుకున్నాను
ముప్పై ఒక్క సూత్రాలు.
వెల్లకిలా పడుకుంటే కళ్ళ ముందే ఉంటాయి,
కళ్ళు మూస్తే ఒక్కటీ ఉండదు.

పగలంతా టైర్ల కంపెనీలో ఇన్వాయిస్‌లు.
పదకొండు దాటాక దుప్పటి తెర కట్టుకుని
ఫోను లైటు మీద గ్లాసు బోర్లించి
సీఎంఏ రెండో భాగం.
నా కాలిక్యులేటర్లో ఏడు అంకె
గట్టిగా నొక్కితే గాని పడదు.
గట్టిగా నొక్కితే పైన సలోమి లేస్తుంది.
అందుకే నా లెక్కల్లో
ఎప్పుడూ ఏడు తక్కువ.

మూడు వందల అరవై రావాలి.
మొదటిసారి మూడు వందల నలభై,
రెండోసారి మూడు వందల పది.
చదివినకొద్దీ తగ్గాయి.
ఫీజు దినార్లలో కట్టి
మార్కులు ఫిల్సుల్లో తెచ్చుకున్నాను.

సూత్రాలు నాతో మాట్లాడేవి కావు.
పెళ్ళి బంతిలో తెలియని చుట్టాల్లా
ఎవరికి ఎవరేమవుతారో చెప్పకుండా కూచునేవి.
హారంలో ఉండాల్సినవాడు
లేచొచ్చి లవం పీట మీద దర్జాగా.

ఒక వేకువన నైట్ డ్యూటీ నుంచి వచ్చిన సలోమి
బూట్లు విప్పకుండానే నా పక్కన కూలబడి చెప్పింది:
"నాకూ ఒకటుండేదే.
మందు ఎంత, గొట్టంలో చుక్కలెన్ని,
నిమిషాలతో భాగించు.
బట్టీ పట్టా. పరీక్షలో పూర్తి మార్కులు.
తర్వాత వార్డులో ఒక పెద్దాయనకి
చెయ్యి వాచిపోయింది.
అప్పట్నుంచి సూత్రం గుర్తు లేదు,
చుక్క గుర్తుంది."
చెప్పి, పైకెక్కి, క్షణంలో గురక.

ఇళ్ళల్లో పనిచేసే నాగలచ్చమ్మది రాయచోటి పక్క.
"యేందమ్మీ అది, తలుపు లేని కొట్టం మాదిరి?"
వర్గమూలమత్తా, అన్నాను.
సరుకు ఒక్కోసారి ఎంత తెప్పించుకోవాలో
దాని కింద తేలుతుంది.
"మన నీళ్ళ డబ్బాలకా?
దానికింత పుస్తకమా!
ఒకటొకటే తెప్పిస్తే మెట్లెక్కినందుకు
బకాలా పిల్లోడికి సారిసారికీ నూరు ఫిల్సులియ్యాల.
పది దింపితే కాళ్ళు యాడ చాపుకునేది?
నాలుగు చాలు."

వారానికి మూడు డబ్బాలు, ఏడాదికి నూట యాభై ఆరు.
డబ్బా నిలబడ్డ చోటుకి
గది అద్దెలోంచి ఏడాదికి రెండు దినార్లనుకున్నాను.
అదృష్టం, ఎక్కడా ఏడు రాలేదు.
మూడు పాయింట్ తొమ్మిది అయిదు.
"ఆ పాయింటు కత నాకొద్దు," అంది,
"నాలుగే గదా నేను జెప్పింది."

ఆ రాత్రి కాగితాల మీద పెన్సిలుతో
మనుషుల పేర్లు రాసుకున్నాను.
రేపటి డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టేచోట:
నాగలచ్చమ్మకి కఫీల్ బాకీ పడ్డ మూడు నెలల జీతం.
(ఇచ్చేనాటికి అది జీతం కాదు, జ్ఞాపకం అంటుంది ఆమె.
వడ్డీ రేటు అడిగితే నవ్వుతుంది.)
అనుకున్న ధరకీ అయిన ధరకీ తేడా తీసేచోట
నా పేరే రాసి, కొట్టేసి,
మళ్ళీ రాశాను.
కొన్నింటికి ఇంకా ఎవరూ దొరకలేదు.
వాటికి బట్టీయే గతి.

పరీక్ష ఇంకా పంతొమ్మిది రోజులు.
కిటికీ బయట దుమ్ముగాలి,
ఏసీలోంచి కూడా ఇసక వాసన.
నిన్న రాత్రి పైన సలోమి పక్కకి ఒత్తిగిలింది,
చెక్క కిర్రుమంది,
ఒక కాగితం ఊడి నా ముఖం మీద పడింది.

లైటు వెయ్యలేదు.
చెయ్యి పైకి చాపి
టేపు జిగురు మిగిలిన చోటు తడిమాను.
ఎడమ నుంచి మూడోది, నీళ్ళ డబ్బాలది.
చీకట్లోనే పెదాలు కదిపి అప్పజెప్పాను.
అంతా వచ్చింది, కింద నిల్వ ఖర్చు దగ్గర
కొద్దిగా తడబడ్డాను.

మళ్ళీ మొదట్నుంచి.