గాలి తీయడం

ఫిబ్రవరి. బ్రాన్‌స్టన్ కాలువ మీద
వెన్నకాగితమంత పల్చగా మంచు కట్టింది.
ఒలరెన్‌షా గారి పడవ ఇంజిన్
దగ్గుతుంది, రెండు నిమిషాలు ఆడుతుంది, ఆగిపోతుంది.
"బ్యాటరీ కొత్తదే" అంటాడు ముసలాయన,
నేరం తనది కానట్టు.

నేను బ్యాటరీ వైపు చూడను.
చెక్కపలకలెత్తి ఇంజిన్ గుంటలోకి దిగి
ఫిల్టర్ కింద పసిపిల్లల డైపరొకటి పరుస్తాను.
నవ్వకండి. డీజిలు పీల్చడంలో దాన్ని మించింది లేదు.
ఒక్క చుక్క జారినా
బాతు వెనకాల ఇంద్రధనుస్సు,
ఇంద్రధనుస్సు వెనకాల కాలువ ఆఫీసు నోటీసు.

ట్యాంకు అడుగు మర వదులు చేసి
కారిందంతా జామ్ సీసాలోకి పట్టి, కిటికీలో పెట్టాను.
టీ తాగేలోగా లెక్క తేలింది:
పైన తేనెరంగు, అడుగున నీళ్ళు,
రెంటి మధ్యా నల్లటి జిగురు,
నూనె తింటూ నీళ్ళలో కాపురముండే పురుగు.
"చలికాలమంతా సగం ట్యాంకుతోనే ఉంచారా?"
జవాబుగా డీజిలు ధర చెప్పాడు.

నిండుకుండ తొణకదంటారు మావాళ్ళు.
నిండు ట్యాంకు చెమర్చదు.
ఖాళీ ఉన్న చోటే, రాత్రి చలికి,
ఇనుము లోపలివైపు ఏడుస్తుంది.
ఆయనకి చెప్పబోయాను.
ఇంగ్లీషులోకి అది సగమే వచ్చింది.

పాత ఫిల్టర్ విప్పితే అడుగున నల్ల హల్వా.
కొత్తది ఉంది. రాగి వాషర్లు లేవు.
నాలుగు కావాలి. ఇవాళ శనివారం.
ఆయన ఓట్స్ జావ గిన్నె పక్కకి జరిపి
పాతవాటినే ఇనుప చువ్వకి గుచ్చి
గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చాను,
నీళ్ళలో ముంచాను. చుయ్యిమన్నాయి.
బిగింపులకి నలిగి నలిగి మొండికేసిన రాగి
మెత్తబడి మళ్ళీ మాట వింటుంది.

ఇది గాజువాక లారీ షెడ్డులో మస్తానయ్య నేర్పిన పని.
ఆయనకి కుడి చూపుడువేలు సగమే.
నాజిల్ చిమ్మే చోట పెట్టాడట, కుర్రతనంలో.
సూది గుచ్చినంతే అనుకున్నాడు.
మూడో రోజుకి వేలు వంకాయ రంగు.
అందుకే నట్టు వదిలేటప్పుడు ఇప్పటికీ
నా చెయ్యి వెనక్కే ఉంటుంది,
అట్టముక్క ముందుంటుంది.

ఒకసారి తొందరపడి బిగించేశాను.
లోడు లారీ గేటు దగ్గరే చచ్చింది, ఓనరు చూస్తుండగా.
"గాలి తియ్యమన్నది ఇంజిన్‌కే అమ్మాయ్,
నాక్కాదు" అన్నాడు మస్తానయ్య.

నూనె నొక్కితే ఊరుకోదు, తిరగబడుతుంది.
గాలి నొక్కితే నక్కి కూర్చుంటుంది.
ఆవగింజంత చాలు,
పదిహేను టన్నుల పడవ గట్టు వదలదు.

మర అర చుట్టు వదిలి
పంపు మీట బొటనవేలితో నొక్కుతున్నాను.
నురగ.
నొక్కుతున్నాను. బుడగలు, వాటి వెనక బుడగలు.
నా వేలు పట్టేస్తే ఒలరెన్‌షా గారు
మోకాళ్ళు పట్పట్మంటుండగా వచ్చి కూర్చుని
తను నొక్కడం మొదలెట్టారు, పైకే లెక్కపెడుతూ.
నలభై రెండు, నలభై మూడు.
బుడగ లేని సన్నటి ధార.
"అదిగో" అన్నారు, చేప పడ్డవాడిలా.

తెల్లపొగ. ఒక దగ్గు. ఇంకొకటి.
తరవాత తకతకమని ఆగని తాళం,
కప్పులో టీ మీద సన్నని వలయాలు.

బిల్లులో వాషర్ల దగ్గర సున్నా వేశాను.
"అవి నావేగా" అన్నారాయన, కళ్ళజోడు సవరించుకుని.
జామ్ సీసా మాత్రం ఇవ్వలేదు.
కిటికీలో, ఉప్పుడబ్బా పక్కన ఉంచుకున్నారు.

చివర్న పొడి కాగితం చుట్టి
ఒక్కో కీలూ తడిమి చూస్తాను.
మొదటిది పొడి. రెండోది పొడి. మూడోది.
నాలుగోదాని దగ్గర కాగితం మీద చిన్న మచ్చ.
స్పానర్ పెట్టి పావు చుట్టు తిప్పాను.
ఇంకాస్త అనిపించింది.
మర తెగేది ఆ ఇంకాస్త దగ్గరే.
ఆగి, ఇంకో కాగితం తీశాను.